గురిగింజ ఎత్తు మందు

అల్లుడు: శ్రోతలందరికీ నమస్కారం. బరంపురం నుంచి మామా అల్లుళ్ల మాటామంతీకి స్వాగతం. పోయిన భాగానికి వచ్చిన స్పందనలలో సగానికి పైగా మన ఫ్యాను చప్పుడు గురించే ఉన్నాయి, మామయ్యా.

మామయ్య: వైశాఖ మాసంలో బరంపురం వచ్చి, ఫ్యాను లేకుండా గంటసేపు కూర్చొని చూపించిన వారి మాటను నేను తప్పక వింటాను. నువ్వు విషయంలోకి వెళ్లు.

అల్లుడు: ఒకసారి పేల్చిన తూటా గొట్టాన్ని తిరిగి నింపుకొనే అభిరుచిలోకి కొత్తవారు ఎలా అడుగుపెడతారన్నది నేటి విషయం. ఇది మన దేశంలో ఎవరికి వారు ఇంట్లో చేసుకొనే పని కాదని ముందే చెబుతున్నాను. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలను తయారు చేయడం నేరం. నేను చెప్పేదంతా టెక్సాస్‌లో ఉన్నప్పుడు, అదీ గ్రీన్ కార్డు చేతికి వచ్చిన తర్వాత, ఒక మిత్రుడి గ్యారేజీలో నేర్చుకొన్నది.

మామయ్య: గ్రీన్ కార్డు కథ మన శ్రోతలకు కంఠస్థమే. తూటాలో ఏమేమి ఉంటాయో చెప్పు.

అల్లుడు: నాలుగు ఉంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర గుండు. పేల్చిన తర్వాత ప్రైమరు చచ్చిపోతుంది, మందు కాలిపోతుంది, గుండు వెళ్లిపోతుంది. ఖరీదైన ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది. అయితే పేలుడు ఒత్తిడికి అది కొంత ఉబ్బి ఉంటుంది కనుక, డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కి పూర్వపు కొలతకు తేవాలి.

మామయ్య: అంటే మా కంసాలుల కమ్మచ్చు వంటిదే. తీగను రంధ్రంలోంచి లాగినట్లు, నువ్వు గొట్టాన్ని రంధ్రంలోకి నెడుతున్నావు. అలా నాలుగుసార్లు చేస్తే లోహం బిరుసెక్కి పగులుతుందే?

అల్లుడు: సరిగ్గా అదే జరుగుతుంది. ముందుగా మూతి దగ్గర చీలుతుంది. అందుకే కొందరు గొట్టం మూతిని మాత్రం సెగకు చూపి మెత్తబరుస్తారు. అడుగుభాగానికి మాత్రం సెగ తగలనివ్వకూడదు, అది మెత్తబడితే ఒత్తిడికి ఆగదు.

మామయ్య: చూశావా, ఇది కంసాలి పనే. ఇచ్ఛాపురం ఉంగరం విషయంలో కూడా...

అల్లుడు: ఆ ఉంగరం వద్దు, మామయ్యా. పరికరాల పట్టిక చెప్పేస్తాను. అన్నిటికంటే ముందు కొనవలసినది, ఏ గుండుకు ఏ మందు ఎంత పోయాలో ప్రయోగశాలలో పరీక్షించి అచ్చు వేసిన పుస్తకం. తర్వాత గొట్టాన్ని డైలోకి నొక్కే యంత్రం, అంటే ఒక్కో మెట్టు పనిని విడిగా చేసే సాదా ప్రెస్సు, తన తూటాకు తగిన డైలు, కొలతకు వెర్నియర్ కాలిపరు, త్రాసు. అమెరికాలో అమ్మే ఇత్తడి గొట్టాలలో ఎక్కువ భాగానికి అడుగున నడిమధ్య ఒకే రంధ్రం ఉంటుంది, దానిని బాక్సర్ పద్ధతి అంటారు. రెండు రంధ్రాలుండే బెర్డన్ పద్ధతి గొట్టం నుంచి పాత ప్రైమరును తీయడం కష్టం. ఇందులో వింత ఏమిటంటే, బాక్సర్ ఆంగ్లేయుడు, బెర్డన్ అమెరికావాడు.

మామయ్య: ఒకరి అల్లుడు మరొకరి ఇంట్లో స్థిరపడ్డాడన్న మాట. సరే, త్రాసు అన్నావు. ఏ త్రాసు?

అల్లుడు: ఇక్కడికే వస్తారని నాకు తెలుసు. మందును గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే సుమారు 64.8 మిల్లీగ్రాములు. వాడుకలో ఉన్న త్రాసులు గ్రెయిన్‌లో పదో వంతు వరకు చూపిస్తాయి.

మామయ్య: గ్రెయిన్ అంటే గింజ. వాళ్లది యవల గింజ, మనది గురిగింజ. ఒడియా ఖాతాదారులు రతి అంటారు, వస్తువు అదే. ఈస్టిండియా కంపెనీ వారు 1833లో తులాన్ని 180 గ్రెయిన్లుగా స్థిరపరచారు, వెండి రూపాయి బరువూ అంతే. ఒడియావాళ్లు భరి అనేది ఆ తులాన్నే. తులానికి 96 గురిగింజలు. 180ని 96తో భాగించు.

అల్లుడు: ఒకటిన్నరకు మించి... 1.875.

మామయ్య: అంటే నీ అమెరికా త్రాసు చూపే కనిష్ఠ బరువు గురిగింజలో పందొమ్మిదో వంతు మాత్రమే. అది మా నాన్నగారి గాజుపెట్టె త్రాసుకు పెద్ద విషయం కాదు.

అల్లుడు: అయితే మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. చాలామంది ప్రారంభకులు మందును తూచరు, కొలుస్తారు. చిన్న చెంచాల వంటి కొలపాత్రలు ఉంటాయి, లేదా పిడి తిప్పితే నిర్ణీత పరిమాణంలో మందును జార్చే యంత్రం ఉంటుంది.

మామయ్య: సోలతో, గిద్దతో బియ్యం కొలిచినట్లు పేలుడు మందును కొలుస్తారా? గిద్ద నింపేటప్పుడు చేయి అదిరితే గింజలు సర్దుకొని మరో గుప్పెడు పడుతుందని మీ అత్తయ్యకు కూడా తెలుసు.

అల్లుడు: అందుకే యంత్రాన్ని ముందు త్రాసుతో సరిచూసి, ఆ తర్వాత కూడా పదింటికి ఒకదానిని తూచి చూస్తారు. మెత్తని గుండ్రని రేణువుల మందు దాదాపు ఒకేలా పడుతుంది. పొడుగు రేణువుల మందు అయితే అంత నమ్మకంగా పడదు.

మామయ్య: పదింటికి ఒకటి అంటే తొమ్మిదింటిని నమ్మకానికి వదిలేసినట్లే కదా. బంగారంలో తేడా వస్తే జేబుకు నష్టం. ఇక్కడ తేడా వస్తే?

అల్లుడు: ఈ పొగలేని మందుకు ఒక గుణం ఉంది. చుట్టూ ఒత్తిడి పెరిగిన కొద్దీ అది మరింత వేగంగా కాలుతుంది, వేగంగా కాలిన కొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కనుక కాస్త ఎక్కువ పోస్తే ఒత్తిడి కాస్త మాత్రమే పెరుగుతుందని లెక్క వేయడానికి వీలులేదు. పుస్తకంలో ఇచ్చిన ఆరంభ మోతాదుతో మొదలుపెట్టమని అందుకే చెబుతారు. నాటు తుపాకీలలో కూరే నల్ల తుపాకీ మందు వేరు, ఇది వేరు. దాని స్థానంలో దీనిని వాడితే తుపాకీయే పగలవచ్చు.

మామయ్య: అయినా తూచరు.

అల్లుడు: తూచినా తప్పు జరుగుతుంది, మామయ్యా. నాకు జరిగింది. ఇంతవరకు ఈ కార్యక్రమంలో చెప్పలేదు.

మామయ్య: చెప్పు.

అల్లుడు: .38 స్పెషల్ అనే తూటా 1898 నాటిది. ఆ నల్ల తుపాకీ మందు కోసం చేసిన గొట్టం కనుక లోపల చోటు ఎక్కువ. నేటి మందు పోస్తే అడుగున కొద్దిగా మాత్రమే కనిపిస్తుంది. రెండుసార్లు పోసినా పొంగిపొరలదు, అసలు పోయకపోయినా చూపుకు వెంటనే ఆనదు. ఒక సాయంత్రం యాభై గొట్టాలు నింపుతుండగా ఫోను వచ్చింది. మాట్లాడి వచ్చి, ఆపిన చోటు నుంచే మొదలుపెట్టాను అనుకొన్నాను. మరునాడు కాల్పుల సాధన చేసే రేంజిలో రివాల్వరు పేల్చినప్పుడు ‘ఢాం’ అనవలసింది ‘టప్’ అంది. మందు లేని గొట్టంలో ప్రైమరు ఒక్కటే పేలి, గుండును గొట్టంలోంచి తోసి తుపాకీ నాళంలో సగం దూరంలో ఇరికించింది. నేను మళ్లీ మీట నొక్కబోతుండగా పక్కనున్న ముసలాయన ‘ఆగు’ అని అరిచాడు. రెండో గుండు వెళ్లి మొదటిదానిని తాకి ఉంటే నాళం చీలి ఉండేది.

మామయ్య: (కొంతసేపు మౌనం) మీ అమ్మకు తెలుసా?

అల్లుడు: తెలియదు. ఇప్పుడు తెలుస్తుంది, ఆమె మన కార్యక్రమం వింటుంది.

మామయ్య: నాళం చీలి ఉంటే ఈ కుర్చీలో నేనొక్కడినే కూర్చొని ఉండేవాడిని. ఫోను ఎవరిది?

అల్లుడు: మీదే. మన ఊరి ఠాకురాణి యాత్రకు వస్తానా రానా అని అడిగారు.

మామయ్య: ...సరే. మా నాన్నగారు తూచేటప్పుడు ఎవరైనా పిలిస్తే, పళ్లెంలో ఉన్నదంతా తిరిగి డబ్బీలో పోసి, మొదటి నుంచి తూచేవారు. ఖాతాదారులు విసుక్కొనేవారు, ఆయన పట్టించుకొనేవారు కాదు.

అల్లుడు: నేనూ తర్వాత అదే చేశాను. యాభై రంధ్రాల చెక్క దిమ్మెలో గొట్టాలను నిలబెట్టి, మందు పోసిన తర్వాత గుండు పెట్టడానికి ముందు, టార్చి వేసి వరుస వరుసగా లోపలికి చూసేవాడిని. ఫోను వేరే గదిలో ఉండేది. కొత్తవారికి నేను చెప్పగలిగిన ప్రారంభం ఆ చెక్క దిమ్మే, ప్రెస్సు తర్వాత కొనుక్కోవచ్చు.

మామయ్య: ఆ దిమ్మె ఏదీ?

అల్లుడు: ప్రెస్సు, డైలు, మిగిలినవన్నీ ఆ మిత్రుడికే ఇచ్చి వచ్చేశాను. ఎలక్ట్రానిక్ త్రాసు మాత్రం తెచ్చుకొన్నాను, ఇదిగో.

మామయ్య: దానిని ఎవరు సరిచూశారు? తన కింది నలుపు తాను ఎరగని గురిగింజలా, త్రాసు తన తప్పు తాను చెప్పదు.

అల్లుడు: ప్రమాణపు రాళ్లు దానితోనే వచ్చాయి. అయినా మీ గురిగింజలనే తూచి చూద్దాం, ఆ డబ్బీ ఇవ్వండి. మొదటిది... 1.7 గ్రెయిన్లు. రెండోది... 2.1. మీ 1.875 ఎక్కడ ఉంది, మామయ్యా?

మామయ్య: గింజకూ గింజకూ తేడా ఉంటుంది, ఏరి వాడుకోవాలి. మొదటిదానిని మళ్లీ పెట్టు.

అల్లుడు: 1.9.

మామయ్య: ఇందాక 1.7 అన్నది ఇదే గింజ కదా?

అల్లుడు: ఇదే. పైన గాలి... మామయ్యా, గాలి తగిలితే ఇది ఊగిసలాడుతుంది.

మామయ్య: లేచి ఆ ఫ్యాను ఆపు.