స్కూల్ ర్యాంకు తక్కువైతే హెచ్‌ఎస్‌సీలో మార్కులు కోసేస్తారా?

నమస్తే అండీ. సిడ్నీలో మన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే, అందులో హైస్కూలు పిల్లల తల్లిదండ్రులు ఉంటే, హెచ్‌ఎస్‌సీ గురించి, అంటే ఇక్కడి పన్నెండో క్లాసు సర్టిఫికెట్ గురించి, ఒక మాట తప్పకుండా వస్తుంది. "ఆ స్కూల్ ర్యాంకు మూడు వందల్లో ఉందట, అక్కడ చదివితే హెచ్‌ఎస్‌సీలో మార్కులు కోసేస్తారట." ఈ మాట నమ్మి, వెంట్‌వర్త్‌విల్‌లోనో పెండిల్ హిల్‌లోనో చక్కగా స్థిరపడ్డ కుటుంబాలు అద్దె ఎక్కువైనా సరే ఇల్లు మారుతున్నాయి. పిల్లలు స్నేహితులను వదిలేసి పదకొండో క్లాసులో కొత్త స్కూల్లో చేరుతున్నారు. వింటుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. ఎందుకంటే ఆ మాట తప్పు.

హెచ్‌ఎస్‌సీ మార్కులో సగం స్కూల్ అసెస్‌మెంట్, అంటే స్కూలే పెట్టే టాస్కుల మార్కులు, మిగతా సగం అక్టోబర్, నవంబర్ పరీక్షలు అని మీకు తెలుసు. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు ఈ స్కూల్ ర్యాంకు ఎక్కడిది? ఇది ప్రభుత్వం ఇచ్చేది కాదు. పరీక్షలు నడిపే నెసా స్కూళ్లకు ర్యాంకులు వేయదు. ఏదైనా సబ్జెక్టులో 90 లేదా ఆపైన, అంటే బ్యాండ్ 6 తెచ్చుకున్న పిల్లల పేర్లు మాత్రం బయటపెడుతుంది. సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ లాంటి పత్రికలు ఆ బ్యాండ్ 6లను స్కూలువారీగా లెక్కపెట్టి, ఆ స్కూలు పిల్లలు రాసిన మొత్తం పరీక్షలతో భాగిస్తాయి. అంతే. 89 వచ్చిన పిల్లాడు ఆ లెక్కలో లేడు. 55 నుంచి 80కి ఎదిగిన అమ్మాయి కూడా లేదు. కార్లింగ్‌ఫర్డ్‌లోని జేమ్స్ రూస్ రెండు దశాబ్దాలకు పైగా ఆ జాబితాలో మొదట ఉండేది, 2023లో నార్త్ సిడ్నీ బాయ్స్ ముందుకొచ్చింది. రెండూ ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను తీసుకునే సెలెక్టివ్ స్కూళ్లే. ఈ జాబితాను మీ అబ్బాయి మార్కు లెక్కలో ఎవరూ ఎక్కడా వాడరు. పైగా అది వచ్చేది డిసెంబర్‌లో, మార్కులు వచ్చాక.

మరి స్కూల్ ఇచ్చిన అసెస్‌మెంట్ మార్కును ఉన్నదున్నట్టు తీసుకుంటారా? తీసుకోరు. ఎందుకో మనకంటే బాగా ఎవరికి తెలుసు చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి 20 ఇంటర్నల్ మార్కులు ఉండేవి. ప్రైవేటు స్కూళ్లు అందరికీ ఇరవైకి ఇరవై వేసేస్తున్నాయన్న గొడవ వచ్చింది. చివరికి 2019లో ప్రభుత్వం వాటిని ఎత్తేసింది. న్యూ సౌత్ వేల్స్ వాళ్లు ఎత్తేయలేదు, సరిచేసే పద్ధతి పెట్టుకున్నారు. దాన్నే మోడరేషన్ అంటారు. ఆ పేరు వినగానే టెన్షన్ పడతారు కానీ, నాకు మాత్రం అది చాలా అందమైన లెక్క.

(ఎలాస్టిక్ ముక్క కెమెరా దగ్గరగా)

ఇదిగో ఈ ఎలాస్టిక్ చూడండి. పంజాబీ డ్రెస్సు ప్యాంటుకు వేసేదే. దీని మీద బాల్‌పెన్నుతో ఐదు చుక్కలు పెట్టాను. ఒక్కో చుక్క ఒక్కో విద్యార్థి. చుక్కలు పెట్టింది టీచరు. ఇప్పుడు దీని రెండు చివర్లనూ రెండు మేకులకు తగిలించాలి. ఆ మేకులు ఎక్కడ కొట్టాలో చెప్పేది టీచరు కాదు, పరీక్ష. అదే స్కూలు పిల్లలు అదే సబ్జెక్టులో తెచ్చుకున్న అత్యధిక పరీక్ష మార్కు దగ్గర పై మేకు. అత్యల్ప మార్కు దగ్గర, వీలైనంతవరకూ, కింది మేకు. క్లాసు మొత్తం సగటు కూడా పరీక్ష సగటుతో కలవాలి, అందుకోసం మధ్యలో ఎలాస్టిక్ కొంచెం అటూ ఇటూ సర్దుకుంటుంది. చుక్కల వరుస మాత్రం మారదు.

(స్క్రీన్ మీద పట్టిక)

అంకెల్లో చూద్దాం. మ్యాథ్స్ క్లాసులో ఐదుగురు. స్కూల్ ఇచ్చిన మార్కులు 96, 90, 84, 78, 72. మొదటి ర్యాంకు హర్షది, రెండోది సహస్రది. పరీక్ష అయ్యింది. హర్షకు 78, సహస్రకు 88. మిగతా ముగ్గురికి వరుసగా 76, 60, 68. సగటు 74. పై మేకు 88 దగ్గర, కింది మేకు 60 దగ్గర. ఎలాస్టిక్ తగిలించండి. కొత్త అసెస్‌మెంట్ మార్కులు 88, 81, 74, 67, 60. సగటు చూడండి, సరిగ్గా 74. మొదట ఒక్కో చుక్కకూ మధ్య ఆరు మార్కుల ఎడం ఉండేది, ఇప్పుడు ఏడయ్యింది.

టీచరు ఉదారంగా 96 వేసినా, పిసినారితనంతో 66 వేసినా, ఎడాలు అలాగే ఉంటే ఎలాస్టిక్ అదే చోట నిలుస్తుంది. కాబట్టి "మా స్కూల్లో మార్కులు టైట్‌గా వేస్తారు" అని దిగులు పడక్కర్లేదు.

ఇప్పుడు హర్షను చూడండి. అసెస్‌మెంట్ 88, పరీక్ష 78, సగటు 83. సహస్రకు 81, 88, సగటు 84.5. రెండో ర్యాంకు అమ్మాయి మొదటి ర్యాంకు అబ్బాయిని దాటేసింది. క్లాసు ర్యాంకు ముఖ్యమే, కానీ అది ఆఖరి మాట కాదు. ఇంకొక ప్రచారం కూడా ఉంది, మూడో ర్యాంకు వాళ్లకు మూడో అత్యధిక పరీక్ష మార్కు వేస్తారని. ఇక్కడ మూడో ర్యాంకుకు వచ్చింది 74, పరీక్షలో మూడో అత్యధిక మార్కు 76. లెక్కలోకి వచ్చేది ర్యాంకు అంకె కాదు, చుక్కల మధ్య ఎడం.

అసలు విషయం ఇక్కడుంది, దీనికోసమే ఈ వీడియో. హర్ష పరీక్షలో 78 తెచ్చుకుని కూడా అసెస్‌మెంట్‌లో 88 పొందాడు కదా, ఆ 88 ఎవరిది? సహస్రది. పై మేకు కొట్టింది ఆ అమ్మాయి. ఇంకోవైపు నుంచి చూడండి. మిగతా ముగ్గురూ కలిసి చదువుకుని 76, 60, 68 బదులు 84, 76, 84 తెచ్చుకున్నారనుకుందాం. సగటు 82, కింది మేకు 76కి ఎక్కింది. సహస్ర అసెస్‌మెంట్ 81 నుంచి 85కి వెళ్తుంది. తన పరీక్ష మార్కు ఒక్కటి కూడా మారలేదు, అయినా నాలుగు మార్కులు పెరిగాయి. అందుకే నోట్సు దాచుకునే పిల్లలను చూస్తే నాకు కష్టంగా అనిపిస్తుంది. "వాడికి చెప్పకు, నీ ర్యాంకు పోతుంది" అని ఇంట్లో మనమే నేర్పుతున్నాం. ఎంసెట్‌లో పక్కవాడు పోటీదారు, నిజమే. ఇక్కడ నీ క్లాసు మొత్తం ఒకే ఎలాస్టిక్ మీద ఉంది. పక్కవాడికి ఒక చాప్టరు చెప్పినంత మాత్రాన నీ చుక్క కిందికి జారిపోదు, వాడు పరీక్ష బాగా రాస్తే నీకూ లాభమే.

మరి సెలెక్టివ్ స్కూల్లో నలభయ్యో ర్యాంకు వస్తే? ఏం కాదు. అక్కడ రెండు మేకులూ పైనే ఉంటాయి. మామూలు స్కూల్లో మొదటి ర్యాంకు తెచ్చుకుని పరీక్షలో కూడా తనే మొదట వస్తే? తన పరీక్ష మార్కే తన అసెస్‌మెంట్ మార్కు, ఎవరూ కిందికి లాగలేరు. మంచి టీచర్లు, చదివే స్నేహితులు ఉంటే చదువు బాగా వస్తుంది, అందుకోసం స్కూలు మారితే నేను కాదనను. పత్రికలో అంకె చూసి మాత్రం మారకండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. సబ్జెక్టులో ఒక్కరే ఉంటే, వాళ్ల పరీక్ష మార్కే అసెస్‌మెంట్ మార్కు అవుతుంది. ఒకరు పరీక్ష రోజు జ్వరంతో రాసి దెబ్బతింటే క్లాసంతా మునగదు, అలాంటి మార్కులను మోడరేషన్ లెక్కలోంచి పక్కన పెడతారు. అసెస్‌మెంట్ టాస్కులు ఒక్కో సబ్జెక్టుకు పన్నెండో క్లాసులో నాలుగుకు మించకూడదు, కాబట్టి ఒక్కోదానికీ బరువు ఎక్కువే. పదకొండో క్లాసు మార్కులు ఇందులో కలవవు.

ఏటార్, అంటే యూనివర్సిటీ సీట్లకు చూసే ర్యాంకు, వేరే సంగతి. అది యూనివర్సిటీ అడ్మిషన్లు చూసే యూఏసీ లెక్క. సబ్జెక్టు బరువును యూనిట్లలో కొలుస్తారు: ఇంగ్లీషు రెండు యూనిట్లు, మిగతా వాటిలో బాగా వచ్చిన ఎనిమిది యూనిట్లు. అక్కడ స్కేలింగ్, అంటే వేర్వేరు సబ్జెక్టుల మార్కులను ఒకే కొలతకు తేవడం, సబ్జెక్టును బట్టి జరుగుతుంది, స్కూలును బట్టి కాదు. కెమిస్ట్రీ తీసుకోవాలా, బిజినెస్ స్టడీస్ తీసుకోవాలా అన్న ప్రశ్న అక్కడిది, దానికి ఇంకో వీడియో చేస్తాను.

ఇంకొక్కటి. చివరి పరీక్ష అయ్యాక మీ పిల్లలు నెసా వారి స్టూడెంట్స్ ఆన్‌లైన్‌లో లాగిన్ అయితే ప్రతి సబ్జెక్టులోనూ తమ అసెస్‌మెంట్ ర్యాంకు కనబడుతుంది. తప్పుగా ఉందనిపిస్తే వెంటనే స్కూలును రివ్యూ అడగాలి. గడువు చాలా తక్కువ, కాబట్టి పరీక్షలైపోయాయని బీచ్‌కు బయల్దేరే ముందు ఆ పేజీ ఒకసారి చూసుకోమని చెప్పండి.