కంప నరికే కత్తి

శ్రోతలకు నమస్కారం. కడప జిల్లాలో కొలిమి నడుపుకొనే మావంటి కమ్మరుల దగ్గరికి నాగలి కర్రులు సరిపించుకోవడానికి, కొడవళ్లకు కక్కు (కోసే పళ్లు) పెట్టించుకోవడానికి వచ్చేవారు బాగా తగ్గిపోయారు. పెద్ద కత్తి చేయించుకోవడానికి మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉన్నారు, ఎందుకంటే బజారులో దొరికే రేకు కత్తి మన కంపచెట్టు ముందు ఎక్కువ రోజులు నిలవదు. అటువంటి మచ్చుకత్తిని ఒక రైతు కోసం ఎలా తయారు చేస్తామో ఈ ప్రసంగంలో వివరిస్తాను.

పులివెందుల వైపు నుంచి వచ్చిన ఒక చీనీతోట రైతు, గట్ల మీద పెరిగిన సర్కారు తుమ్మను, అంటే ఈ కంపచెట్టునే, కొట్టడానికి రెండడుగుల కత్తి కావాలన్నారు. ఎంత పొడవు కావాలన్నది నేను తరువాత మాట్లాడతాను. దేనిని నరుకుతారు, ఒంటి చేత్తోనా రెండు చేతులతోనా, పూట పని ఎంతసేపు అన్నవే ముందు అడుగుతాను. కంప కొట్టేవారు ఎడమ చేత్తో పంగలకర్ర పట్టి ముళ్లకొమ్మను అదిమి, కుడి చేత్తో మొదట్లో నరుకుతారు కనుక, రెండడుగుల కత్తి కొమ్మల మధ్య చిక్కుకోవడమే కాక మణికట్టును కూడా పీకేస్తుంది. చివరికి అలుగు (పిడి కాక మిగిలిన కత్తి భాగం) 14 అంగుళాలు, పిడితో కలిపి బరువు సుమారు 800 గ్రాములు, కొస దగ్గర సన్నకొమ్మను లాగి తెంచడానికి కొద్దిగా కిందికి వంగిన ముక్కు అని ఒప్పందం కుదిరింది.

ఈ ప్రశ్నలకు చట్టపరమైన కారణం కూడా ఉంది. 1959 నాటి ఆయుధ చట్టం కింద వచ్చిన 2016 నియమావళి, 9 అంగుళాల కన్నా పొడవైన లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన అలుగు గల కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చి, ఇంటి పనికి, సేద్యానికి, శాస్త్ర, పరిశ్రమ అవసరాలకు తయారైన వాటిని మినహాయించింది. మన సీమకు సినిమాలు తగిలించిన పేరు అందరికీ తెలిసిందే. తెర మీద చూసిన వేటకొడవలి ఫోను బొమ్మ చూపించి అలాంటిదే కావాలనే కుర్రవాళ్లను నేను మర్యాదగానే వెనక్కి పంపుతాను.

ఇక ఉక్కు సంగతి. ఈ కత్తికి వాడేది లారీల కమాను పట్టీ, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీ. అందులో కార్బన్ నూటికి 0.5 నుంచి 0.6 వంతు దాకా ఉంటుంది, దెబ్బలు తినే కత్తికి అది సరిగ్గా సరిపోతుంది. అయితే ఏళ్ల తరబడి బరువు మోసిన పాత పట్టీలో కంటికి కనపడని చీలికలు ఉండవచ్చు కాబట్టి, కమాన్లు కట్టే షాపులో మిగిలిన కొత్త ముక్కనే నేను కొంటాను. దాని కొస నుంచి వేలెడు ముక్క కోసి, ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, సమ్మెటతో విరగ్గొట్టి చూస్తాను. విరిగిన చోట బూడిదరంగులో సన్నని రవ్వ కనిపిస్తే కాల్చిన వేడి సరిపోయినట్టు, పంచదార పలుకుల్లా మెరిస్తే వేడి ఎక్కువైనట్టు లెక్క.

కొలిమిలో వేసేది కూడా కంప బొగ్గే. తిత్తుల బదులు ఇప్పుడు కరెంటు బ్లోయరు గాలి ఊదుతుంది. పట్టీ నారింజ రంగుకు వచ్చినప్పుడు పటకారుతో దాకలి (కొట్టడానికి వాడే ఇనుపదిమ్మె) మీదకు తెస్తాను, చేతి సుత్తితో నేను చూపిన చోట సహాయకుడు సమ్మెట వేస్తాడు. రంగు నల్లబడ్డాక కొట్టిన ప్రతి దెబ్బా లోపల చీలికకు దారి తీస్తుంది. వాదర (నరికే అంచు) వైపు లోహం పలచబడేకొద్దీ పొడవు సాగుతుంది, దాని ఎదుటి మందపు అంచైన వీపు సాగదు, అందువల్ల కత్తి దానంతట అదే వీపు వైపుకు వంగిపోతుంది. ఆ వంపును ముందే లెక్కగట్టి, మొదట పట్టీని ఎదురు దిక్కుకు వంచి పెట్టుకుంటే, వాదర కొట్టడం ముగిసేసరికి అలుగు కోరిన గీతకు వస్తుంది. కాలిన ఇనుము మీద నుంచి పొరలుగా రాలే చిట్టెం దాకలి మీద ఎప్పటికప్పుడు ఊడ్చేయకపోతే సుత్తి కింద నలిగి అలుగులో గుంటలు పెడుతుంది.

పిడి మేకులకు రంధ్రాలు వేసి, ఆకురాయితో ఆకారం దిద్దిన తరువాత అసలు పని మొదలవుతుంది. మూడుసార్లు ఎర్రగా కాల్చి గాలిలో చల్లార్చితే కొట్టుడు వల్ల చేరిన బిగువు సడలుతుంది. తరువాత పొద్దు వాలినప్పుడు, రంగు తేటగా తెలిసే మసక వెలుతురులో మళ్లీ కాలుస్తాను. ఉక్కు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి మరికొంచెం పైకి తీసుకుపోయి, గోరువెచ్చగా కాచిన వేరుశెనగ నూనెలోకి నిలువునా దించుతాను. వేడి నూనె పలచబడి అలుగు చుట్టూ త్వరగా కదులుతుంది కాబట్టి చల్లని నూనె కంటే బాగా పని చేస్తుంది. నీళ్లలో ముంచితే ఈ ఉక్కు పగిలే ప్రమాదం ఎక్కువ. బయటికి తీసిన అలుగు మీద ఆకురాయి పట్టకుండా జారిపోతే ఉక్కు గట్టిపడినట్టే, కాని అప్పుడది కింద పడితే గాజులా విరుగుతుంది. అందుకని ఆ రాత్రికి వదిలేయకుండా, తుడిచి మెరుగు తెచ్చి, వీపును వేడి ఇనుపదిమ్మె మీద ఆనించి కాస్తాను. గడ్డి పసుపు, గోధుమ, ఊదా, నీలం రంగులు వీపు నుంచి వాదర వైపుకు పాకి వస్తాయి. వాదర ముదురు గోధుమ రంగుకు, అంటే సుమారు 250 డిగ్రీలకు వచ్చే వేళకు వీపు నీలమై ఉంటుంది. ఆ క్షణంలో ఆపేయాలి.

సానచక్రం మీద వాదరను మరీ పలచగా తీయను, కొద్దిగా ఉబ్బు ఉంచుతాను, లేకపోతే ఎండిన కంప కణుపుకు అంచు ఎగిరిపోతుంది. రైతు ఎర్రచందనం పిడి అడిగారు. అనుమతి కాగితం లేని ఎర్రచందనం ముక్క దగ్గర పెట్టుకుంటే కేసు అవుతుందని చెప్పి, నల్లతుమ్మ చేవను ఆయన అరచేతి కొలతకు చెక్కి, చెమటకు జారకుండా చివర చిన్న మడమ వదిలి, మేకులు దిగగొట్టాను.

ఇచ్చేముందు ఎండిన కంప మొద్దును ఆయన చేతనే నరికించాను. అంచు కాస్త మొద్దుబారితే ఆకురాయితో ఇంట్లోనే దిద్దుకోవచ్చు. వాదర ఒరిగినా, పెచ్చు లేచినా అది నా కొలిమిలో జరిగిన తేడా కనుక, డబ్బులేమీ తీసుకోకుండా మళ్లీ కాల్చి ఇస్తానని మాట ఇచ్చాను.