బ్యాటరీ మార్చాలా, బండే మార్చాలా?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: సరుకు రవాణాకు 22 ఎలక్ట్రిక్ ఆటోలు తిప్పే యజమాని, ఒక బ్యాటరీ ఇంజినీరు, ఒక చార్టర్డ్ అకౌంటెంట్.)

యాంకర్: నమస్కారం. నాలుగేళ్ల కిందట దండ వేసి, నిమ్మకాయలు తొక్కించి రోడ్డెక్కించిన ఎలక్ట్రిక్ సరుకు ఆటోలు ఇప్పుడు మధ్యాహ్నానికే నీరసపడుతున్నాయి. కొత్త బ్యాటరీ వేయిస్తే పెట్టిన డబ్బు తిరిగొస్తుందా? ముందు బండ్లు తిప్పే మనిషినే అడుగుదాం. సార్, మీ పరిస్థితి ఏంటి?

యజమాని: 22 బండ్లండీ. మేడ్చల్ దగ్గర గోడౌను. కూకట్‌పల్లి, బాలానగర్ వైపు కిరాణా సరుకు వేస్తాం. కొత్తలో ఒక్క ఛార్జింగుకు వంద కిలోమీటర్లు వచ్చేది. ఇప్పుడు కొన్ని బండ్లు 65 దాటట్లేదు. పొద్దున ట్రిప్పు అయిపోతది, తంటా అంతా మధ్యాహ్నం ట్రిప్పుకే. డ్రైవరు ఫోన్ చేసి ‘అన్నా, 12 శాతమే చూపిస్తోంది, పోవాల్నా ఆగాల్నా’ అంటడు. ఆ ఫోన్ వచ్చిందంటే ఆ రోజు రెండో బాడుగ పోయినట్టే.

సీఏ: అసలు లెక్క ఆ మాటలోనే ఉంది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది కొత్త బ్యాటరీ ఖర్చును డీజిల్ ఆటోతో పోల్చుకుని వస్తారు. అది బండి కొన్న రోజు వేసుకోవాల్సిన లెక్క. ఇప్పుడు బండి మీ దగ్గరే ఉంది, బ్యాటరీ మార్చకపోయినా పొద్దున ట్రిప్పు నడుస్తోంది. కొత్త బ్యాటరీ మీకు కొత్తగా తెచ్చిపెట్టేది మధ్యాహ్నం ట్రిప్పు ఒక్కటే. దాని ఖరీదు ఆ ఒక్క ట్రిప్పు మీదే రాబట్టుకోవాలి.

యాంకర్: అంకెల్లో చెప్పండి మేడమ్.

సీఏ: లెక్క కోసం అనుకుందాం. పది యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ, పన్నుతో కలిపి లక్షన్నర. మధ్యాహ్నం ట్రిప్పులో కరెంటు, డ్రైవరు బత్తా పోను 250 రూపాయలు మిగులుతుంది. నెలకు 25 రోజులు, అంటే 6,250. వడ్డీ లేకపోతే రెండేళ్లలో తీరుతుంది. కానీ 14 శాతం వడ్డీకి రెండేళ్ల అప్పు చేస్తే నెల కిస్తీ దాదాపు 7,200. ట్రిప్పు తెచ్చేది 6,250. నెలనెలా వెయ్యి రూపాయలు చేతి నుంచి వేసుకోవాలి. అదే అప్పు మూడేళ్లకు పెడితే కిస్తీ 5,100 చిల్లర, అప్పుడు నెలకు వెయ్యికి పైగా మిగులుతుంది. మరి ఆ మూడేళ్లూ బండి ఒళ్లు నిలబడుతుందా? నాకు తెలిసి తేలాల్సింది అదే.

యజమాని: బాడీ సంగతి చెప్తా వినండి. బియ్యం బస్తాలు ఎక్కిస్తం కదా, నాలుగేళ్లకే వెనక ఛాసిస్ దగ్గర వెల్డింగులు పడతయ్. ఎనిమిదేళ్లు దాటితే ఏటేటా ఫిట్‌నెస్. తుప్పు పట్టిన బండికి లక్షన్నర బ్యాటరీ అంటే ముసలి గుర్రానికి వెండి కళ్లెం వేసినట్టే.

ఇంజినీరు: నేనొక అడ్డు చెప్పాలి. మేడమ్ లెక్కలో పొద్దున ట్రిప్పు ఎప్పటికీ నడుస్తుందన్న నమ్మకం ఉంది. పాత బ్యాటరీ 65 దగ్గర ఆగదు, తగ్గుతూనే ఉంటుంది. ఏ ఏడు పొద్దున ట్రిప్పు కూడా పోతుందో, ఆ ఏడు నుంచి లెక్క మారిపోతుంది.

సీఏ: ఒప్పుకుంటాను. అందుకే ఒక్క నెల రీడింగు చూసి తేల్చకూడదు. పన్నెండు నెలల కిలోమీటర్లు తీసుకుంటే ఎంత వేగంగా పడిపోతోందో తెలుస్తుంది.

ఇంజినీరు: ఇంకోటి. 65 చూపిస్తున్న ప్రతి బండికీ బ్యాటరీ పోయిందని అనుకోకండి. టైర్లలో గాలి తక్కువైనా, బ్రేకు పట్టేసినా, అదనపు బరువు ఎక్కించినా రేంజి తగ్గుతుంది. ముందు అవి చూడాలి. తర్వాత బ్యాటరీ లోపల. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం 51 వోల్టుల ప్యాకులో 16 సెల్లులు, అంటే చిన్న చిన్న బ్యాటరీలు, వరసగా ఉంటాయి. అందులో ఒక్కటి బలహీనపడితే చాలు, అది ఖాళీ కాగానే బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్, మొత్తం ప్యాకునే ఆపేస్తుంది. మిగతా పదిహేనింటిలో కరెంటు ఉన్నా వాడుకోలేం. జోడెడ్లలో ఒకటి కుంటితే బండి ఆగినట్టు.

యాంకర్: అంటే ఆ ఒక్క సెల్లు మార్చేస్తే సరిపోతుందా?

ఇంజినీరు: కొన్నిసార్లు సరిపోతుంది. కొన్నిసార్లు సెల్లు కూడా బాగానే ఉంటుంది, ప్యాకు బ్యాలెన్స్ తప్పి ఉంటుంది, అంటే సెల్లుల్లో ఛార్జి ఎక్కువ తక్కువలుగా ఉంటుంది. ఈ రకం సెల్లులో ఛార్జి చాలావరకు ఖాళీ అయ్యేదాకా వోల్టేజి పెద్దగా మారదు. అందుకని అప్పుడప్పుడూ నిండుగా ఛార్జి చేయకపోతే మీటరు అంకె తప్పుతుంది. డ్రైవరుకు 12 శాతం కనిపించినప్పుడు లోపల నిజంగా ఎంత ఉందో ఎవరికి తెలుసు? కానీ ఒక హెచ్చరిక. సీలు విప్పి పాత సెల్లుల మధ్య ఏదో ఒక కొత్త సెల్లు పెట్టి అతికించే రిపేర్లకు నేను వ్యతిరేకం. వారంటీ పోతుంది. ప్రాణం మీదకూ వస్తుంది. వరస అగ్నిప్రమాదాల తర్వాతే కదా 2022 డిసెంబరు నుంచి ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా నిబంధనలను కఠినం చేశారు.

యజమాని: వారంటీ అంటే నాకు ఒళ్లు మండుతది సార్. వారంటీలో ఉన్న రెండు బండ్లు పంపిస్తే పదిహేను రోజులు పెట్టుకున్నరు. కంపెనీ పేరు వద్దులెండి. వాళ్ల మిషన్ మీద చూసి ‘బ్యాటరీ అరుగుదల ఇంకా పరిమితి దాటలేదు’ అన్నరు. బయటి ప్యాకు వేద్దామంటే బండి కంట్రోలరు దాన్ని గుర్తుపట్టదాయె. ఆ పదిహేను రోజుల బాడుగ ఎవరిస్తరు?

సీఏ: ఎవరూ ఇవ్వరు. అందుకే అదీ బ్యాటరీ ఖర్చులోనే రాసుకోండి. మీరు రాయరు, నాకు తెలుసు.

(నవ్వులు)

యాంకర్: పన్ను సంగతి? కొత్త బండికి 5 శాతం జీఎస్టీయే కదా.

సీఏ: అక్కడే ఉంది తిరకాసు. బ్యాటరీతో సహా ఎలక్ట్రిక్ బండి కొంటే 5 శాతం. అదే బ్యాటరీని విడిగా కొంటే 18 శాతం. లక్షన్నరలో దాదాపు 22,900 పన్నే. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే అర్హత ఉన్న సంస్థకు ఆ భారం తిరిగొస్తుంది, దానికి బ్యాటరీ పడేది లక్షా 27 వేలే. క్రెడిట్ లేని చిన్న యజమాని మొత్తం తనే మోయాలి. ఒకే బ్యాటరీ, ఇద్దరికి రెండు ధరలు. పైగా తెలంగాణలో కొత్త ఈవీకి రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అని 2024 నవంబరులో జీవో ఇచ్చారు. పాత బండిని నిలబెట్టుకునేవాడికి అలాంటిదేమీ లేదు. ఇది నాకు నచ్చని విషయం.

యాంకర్: విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: నమస్కారమండీ. నాది ఒక్కటే బండి, నేనే తోలుకుంటా. బ్యాటరీ ధరలు పడిపోతున్నాయంటున్నారు గదా, ఇంకో ఏడాది ఆగితే చవగ్గా వస్తదా?

ఇంజినీరు: మంచి ప్రశ్న. బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ అనే పరిశోధన సంస్థ సర్వే ప్రకారం ప్రపంచ సగటు ప్యాకు ధర 2023లో యూనిట్ సామర్థ్యానికి 139 డాలర్లు, 2024లో 115. 2010లో అది వెయ్యి డాలర్లకు పైనే. తగ్గుతున్న మాట నిజం. కానీ అది పెద్ద ఎత్తున కొనే కంపెనీల ధర బాబూ. సర్వీసు సెంటరులో మీ చేతికొచ్చే బిల్లు అంత త్వరగా తగ్గదు. బండి ఒక పూటైనా ఆదాయం తెస్తుంటే ఆగండి. పూర్తిగా ఆగిపోయి ఉంటే మాత్రం, ఏడాది ఆగినందుకు మిగిలేదానికంటే పోయేదే ఎక్కువ.

కాలర్: ఎండలో పెట్టి ఛార్జింగ్ చేస్తే పాడవుద్దంటారు, నిజమేనాండీ?

ఇంజినీరు: నూటికి నూరుపాళ్లు నిజం. మే నెలలో మధ్యాహ్నం తిరిగొచ్చి, ప్యాకు కాలుతుండగానే ప్లగ్గు పెట్టకండి. నీడలో గంటసేపు చల్లారనివ్వండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

యాంకర్: అద్దె బ్యాటరీ, ఖాళీది ఇచ్చి నిండిన బ్యాటరీ తీసుకునే స్వాపింగ్ సంగతేంటి? బ్యాటరీ లేకుండానే బండి రిజిస్టర్ చేయొచ్చని కేంద్రం 2020లోనే చెప్పింది కదా.

సీఏ: లక్షన్నర ఒకేసారి పెట్టే బాధ తప్పుతుంది. బ్యాటరీ అరిగిపోతే ఆ నష్టం కూడా మనది కాదు. కాకపోతే మన దారిలో స్టేషన్ ఉండాలి, వాళ్ల ప్యాకు మన బండికి సరిపోవాలి.

యజమాని: మేడ్చల్ రోడ్డులో నా బండికి సరిపోయేది లేదు. అయిపాయె.

యాంకర్: పాత బ్యాటరీకి ఏమైనా వస్తుందా?

ఇంజినీరు: పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఈ రకంలో కోబాల్టు, నికెలు ఉండవు కాబట్టి తుక్కు ధర తక్కువ. సగానికి పైగా సామర్థ్యం మిగిలి ఉంటే సోలార్ నిల్వకు పనికొస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారుది. రోడ్డు పక్క తుక్కు కొట్టుకు మాత్రం వేయకండి.

సీఏ: ఒక్క మాట. బ్యాటరీ మార్చకుండానే ఆదాయం పెంచే దారి ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ అడగట్లేదు. మీ 22 బండ్లూ ఒకే రూట్లలో తిరుగుతున్నాయా?

యజమాని: డ్రైవర్ల అలవాటు మేడమ్. ఎవరి రూటు వాళ్లది.

సీఏ: 65 కిలోమీటర్ల బండికి 40 కిలోమీటర్ల రూటు ఇవ్వండి. దగ్గరి షాపులకు రెండు చిన్న ట్రిప్పులు. కొత్త బండ్లను దూరానికి పంపండి. ఇలా ఒక ఏడాది గడిచినా లక్షన్నర మీద వడ్డీ మిగిలినట్టే.

యజమాని: డ్రైవర్లు కొట్లాడతరు. దూరం బండికి బత్తా ఎక్కువ.

సీఏ: బత్తా సర్దండి. బ్యాటరీ కంటే చవక.

యాంకర్: అయితే సార్, 22లో ఎన్నింటికి బ్యాటరీ మారుస్తారు?

యజమాని: (వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ) ఛాసిస్ గట్టిగా ఉండి, రెండు పూటలా పని ఉన్నవి... ఆరు. తొమ్మిది దగ్గరి రూట్లకు పోతయ్. మిగిలిన ఏడూ బాగానే ఉన్నయ్.

ఇంజినీరు: ఆ ఆరింటినీ ముందు నా దగ్గర కెపాసిటీ టెస్టుకు పంపండి. పూర్తిగా నింపి, పూర్తిగా దించి కొలుస్తాను. అందులో రెండు మూడు ఉత్త బ్యాలెన్సింగుతోనే తేరుకోవచ్చు.

యజమాని: ఎంతసేపు పడతది?

ఇంజినీరు: బండికి ఒక రోజు.

యజమాని: ఆదివారం పంపిస్తా సార్. సోమవారం పొద్దున ఏడింటికల్లా గోడౌన్లో ఉండాలె.