అమ్మకు పాఠం చెప్పిన పిల్ల

అందరికీ నమస్కారం.

ఆడపిల్లల ప్రైవేటు బడి అనగానే మనకు బస్సు, గేటు, రిబ్బన్లు కట్టిన రెండు జడలు గుర్తొస్తాయి. నేను చెప్పబోయే బడికి ఇవేవీ లేవు. కాకినాడలో 1920ల మొదట్లో నడిచింది. పేరు బాలికా హిందీ పాఠశాల. పంతులమ్మకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ పిల్లే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయ్యారు.

ఇంగ్లీషు మీడియం నచ్చక బడి మానేసి హిందీ నేర్చుకుంది. తనకొచ్చింది చుట్టుపక్కల ఆడవాళ్లకు చెప్పడం మొదలుపెట్టింది. శిష్యురాళ్లలో కన్నతల్లీ ఉంది! ఇంట్లో తనకు అన్నం కలిపి పెట్టిన మనిషికి అక్షరాలు దిద్దించడం ఎంత కష్టమో టీచర్లకు నేను చెప్పక్కర్లేదు.

1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో పెట్టిన ఖాదీ ప్రదర్శనకు టికెట్ లేదని నెహ్రూని గేటు దగ్గర ఆపింది ఈ పిల్లే. టికెట్ కొని తెచ్చాకే లోపలికి వదిలింది. అందరూ దీన్ని ధైర్యం అంటారు. నాకైతే అందులో పంతులమ్మే కనిపిస్తుంది.

అసలు విషయం మద్రాసులో ఉంది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లొచ్చాక ఆవిడ ప్రైవేటుగా బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష రాశారు. 1937లో ఆవిడ పెట్టిన ఆంధ్ర మహిళా సభ మొదలైంది. అక్కడ అదే పరీక్షకు మిగతా ఆడవాళ్లనూ తయారుచేశారు. వితంతువులు, మొగుడు వదిలేసినవాళ్లు, చిన్నప్పుడే పెళ్లయి చదువాగిపోయినవాళ్లు. వాళ్లను పదేళ్ల పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోబెడితే సిగ్గుతో రెండోరోజు రారు. పైగా పాలవాడి లెక్క, చీటీ పాట లెక్క నోటితో చేసేసే మనిషికి కూడికలు ఒకటో తరగతి నుంచి ఎందుకు? తెలిసినదాన్ని వదిలేసి, తెలియనిది గట్టిగా పట్టిస్తే రెండేళ్లు చాలు. ఆవిడ పద్ధతి ఇదే. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఆ బోర్డే ఈ పద్ధతిని కండెన్స్‌డ్ కోర్సు, అంటే కుదించిన చదువు, పేరుతో దేశమంతా పెట్టింది.

మన రెసిడెన్షియల్ కాలేజీల్లోనూ రెండేళ్లే. అక్కడ పిల్లకు ఏం తెలుసని ఎవరూ అడగరు, ఎన్ని మార్కులని తప్ప.

మా పెద్దత్త ముప్పై దాటాక అలాంటి కోర్సులోనే చేరింది. లెక్కల పరీక్ష రోజు టెన్షన్‌తో పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయింది. మామయ్యతో సహా ఇంటిల్లిపాదీ కిమ్మనకుండా తిన్నాం.