“డైరెక్టర్ గారూ, మీ మెసేజ్ ఏంటి?” చర్చను ఈ ప్రశ్నతో మొదలుపెట్టకండి

నమస్తే అండీ. విశ్వాసం మీద తీసిన షార్ట్ ఫిల్ములు నలుగురినీ కూర్చోబెట్టి చూపిస్తారు. తర్వాత దర్శకులతో చర్చ. లైట్లు వెలుగుతాయి, మైకు ప్రేక్షకుల్లోకి వెళ్తుంది, మొదటి ప్రశ్న దాదాపు ప్రతిసారీ ఒకటే: “ఈ సినిమాతో మీరేం మెసేజ్ ఇవ్వాలనుకున్నారు?”

దర్శకురాలు రెండు వాక్యాల్లో ఏదో చెబుతుంది. ఇక ఆ సినిమా అక్కడితో అయిపోయినట్టే. హాల్లో ఒక్కొక్కరికీ ఒక్కోలా తగిలిన పన్నెండు నిమిషాలు ఆ రెండు వాక్యాల్లో ఇరుక్కుపోతాయి. భక్తి సినిమా అంటే తెర మీద ప్రవచనమే అనుకోవడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. నాకు ఇది చూసినప్పుడల్లా మనసుకు కష్టంగా ఉంటుంది, అందుకే ఈ వీడియో.

[తెర మీద: ఆసుపత్రి వరండా, కుర్చీలో ఒక స్త్రీ]

ఈ షాట్ చూడండి. ఆసుపత్రి వరండాలో ఒకావిడ కళ్ళు మూసుకుని కూర్చుంది. ఒళ్ళో మందుల చీటీ, దాని మూల వేళ్ళ మధ్య నలిగిపోయి ఉంది. పెదాలు కదలడం లేదు. ఆవిడ ప్రార్థిస్తోందా, కునుకు తీస్తోందా?

జవాబు ఆ షాట్‌లో లేదు. తర్వాతి షాట్‌లో దీపం చూపిస్తే ప్రార్థన అంటారు. గడియారం రాత్రి మూడు చూపిస్తే అలసట అంటారు. ఖాళీ మంచం చూపిస్తే గుండె గుభేలుమంటుంది. ముఖం మాత్రం అదే. దీన్ని కులెషోవ్ ఎఫెక్ట్ అంటారు. సుమారు వందేళ్ళ కిందట రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ నటుడు మొజుఖిన్ ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన అతికించి చూపించాడు. చూసినవాళ్ళకు ఆ ఒక్క ముఖంలోనే ఆకలి, దుఃఖం, కోరిక కనిపించాయని చెబుతారు.

విశ్వాసం సంగతికొస్తే ఇది ఇంకా గట్టిగా పనిచేస్తుంది. నమ్మకం లోపల ఉండేది, కెమెరా బయట ఉన్నదాన్నే తీయగలదు. జోడించిన చేతులు తీయొచ్చు, ఆ చేతుల వెనకున్న నమ్మకాన్ని ఎలా తీస్తారు? సినిమా తొలినాళ్ళలో దీనికి ట్రిక్ ఫొటోగ్రఫీ, అంటే కెమెరాతో చేసే కనికట్టు, దారి చూపింది. మన సినిమాకు ఆద్యుడైన దాదాసాహెబ్ ఫాల్కే, క్రీస్తు జీవితం మీద వచ్చిన సినిమా చూసి, మన దేవుళ్ళను కూడా ఇలా తెర మీద చూపించాలనుకున్నాడు, 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ విడుదల చేశాడు. తర్వాత ఆయన సినిమాల్లో దేవుళ్ళు ప్రత్యక్షమయ్యారు, మాయమయ్యారు. అది గొప్ప దారే. మన షార్ట్ ఫిల్ము దర్శకురాలి చేతిలో మాత్రం ఆ వరండా, ఆ కుర్చీ, ఆ మనిషి తప్ప ఏమీ లేవు.

సరే, అదే షాట్‌ను నాలుగు సెకన్లు ఉంచండి. ఆవిడ కూర్చుందని తెలుస్తుంది, అంతే. ఇరవై సెకన్లు ఉంచితే? హాల్లో జనం కొంచెం కదులుతారు, ఎవరో దగ్గుతారు, ఆ తర్వాత వాళ్ళు కూడా ఆవిడతో పాటు ఎదురుచూడడం మొదలుపెడతారు. ఎక్కడో దూరంగా గంట మోగిందనుకోండి, అది బయట మోగిందా, ఆవిడ లోపలా? ఇవన్నీ దర్శకురాలు కూర్చుని తీసుకున్న నిర్ణయాలు. మరి ఆ దర్శకురాలే ఎదురుగా ఉన్నప్పుడు మనం అడగాల్సింది వీటి గురించే కదా!

“అంతసేపు కట్ చేయకుండా ఎందుకు ఉంచారు?” అని అడగండి. “ఎడిటింగ్‌లో ఏం తీసేశారు?” అని అడగండి. నాకు ఈ రెండోదే చాలా ఇష్టం. “ప్రార్థన మాటలు రికార్డు చేశాం, తర్వాత తీసేశాం” అని దర్శకురాలు చెప్పిందనుకోండి. కుర్చీలో ఉన్నావిడ పిలిచేది ఎవరి దేవుణ్ణో ఇక తెలియదు. అప్పుడు వేరే మతంవాళ్ళు, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్ళు కూడా ఆ పక్క కుర్చీలో కూర్చోగలరు. చర్చ అంటే అక్కడ మొదలవుతుంది.

దేవుడి పేరు లేకపోతే అది విశ్వాసం సినిమా ఎలా అవుతుందని కొందరికి అనుమానం. ఫ్రాన్స్‌లో జరిగే కాన్ చిత్రోత్సవంలో 1974 నుంచి క్రైస్తవ సంస్థలు నియమించే ఎక్యుమెనికల్ జ్యూరీ ఉంది. 1984లో ఆ జ్యూరీ బహుమతి ఇచ్చింది ‘పారిస్, టెక్సాస్’కి. దూరమైపోయిన కుటుంబాన్ని వెతుక్కునే మనిషి కథ అది, పూజలూ ప్రవచనాలూ ఉన్న కథ కాదు.

టైమ్ అయిపోతోంది, నిర్వాహకులకు నాలుగు మాటలు గబగబా చెప్పేస్తాను. ఎక్కువ సినిమాలు కుక్కకండి, నాలుగైదు చాలు. బరువైన సినిమా అవగానే మైకు తిప్పొద్దు, ఒక నిమిషం ఊరుకోనివ్వండి. వేదిక మీద చర్చ నడిపేవాళ్ళు ముందే సినిమాలన్నీ చూసి ఉండాలి. ఎవరైనా “మా మతాన్ని తక్కువ చేశారు” అని లేస్తే మైకు లాక్కోవద్దు, ఏ షాట్ దగ్గర అలా అనిపించిందో అడగండి.

అనుమతి సంగతి అస్సలు మరవొద్దు. యూట్యూబ్‌లో లింకు ఉన్నంత మాత్రాన హాల్లో వేసే హక్కు మనకు వచ్చినట్టు కాదు. హక్కులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని, తేదీ, హాలు, టికెట్ పెడుతున్నారా లేదా అన్నీ చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. చర్చకు రాగలరా అని కూడా అప్పుడే అడిగేయండి, రాలేనంటే వీడియో కాల్ ఏర్పాటు చేయండి.