సీసం, పిల్లలు, మళ్ళీ పసుపు

శారద: నమస్కారం. పిల్లల ఒంట్లో సీసం చేరితే వైద్యం ఏమిటన్నది ఇవాళ్టి విషయం. పోయినసారి కిరణ్ సగంలో వదిలేశాడు.

కిరణ్: గోంగూర దగ్గరికి తీసుకెళ్లింది నువ్వే కదక్కా!

శారద: ఆ గొడవ వద్దు. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది ఇదీ. డెసిలీటరు రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములుంటే, అది ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి ఆపాలి. చిన్నపిల్లల్లో 45కి చేరితే కిలేషన్, అంటే సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపే మందు. ఇనుము, కాల్షియం తక్కువున్న పిల్లలకు సీసం ఇంకా ఎక్కువ పడుతుంది, అందుకే తిండీ చూడాలి.

కిరణ్: సీసం వచ్చే దారి ఆపకుండా మందిస్తే ఏం లాభం? నైజీరియాలో జంఫారా చూడు, 2010. సీసం ఉన్న బంగారు రాయిని ఇళ్ల దగ్గరే పొడి కొట్టారు. వందల మంది పిల్లలు పోయారు. ఇళ్ల మట్టి శుభ్రం చేశాకే ఎంఎస్ఎఫ్ అనే స్వచ్ఛంద వైద్య సంస్థ డాక్టర్లు మందు మొదలుపెట్టారు. బగేగా ఊరి పిల్లలు 2013 దాకా ఆగాల్సొచ్చింది.

శారద: మూడేళ్లు...

కిరణ్: మన వంటింట్లో పసుపు సంగతీ అంతే, అందులోనూ సీసం కలుపుతారు, ముందు అది ఆపాలి. అందుకే నేనెప్పుడూ చెప్తా, పొడి కొనొద్దు, కొమ్ములు కొని ఆడించుకోండని.

శారద: వచ్చేశాడు కొమ్ముల దగ్గరికి! బంగ్లాదేశ్‌లో లెడ్ క్రోమేట్, అంటే సీసం ఉన్న పసుపుపచ్చ రంగు పొడి, పట్టించింది ఆ కొమ్ములకే కదా. ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టేటప్పుడు చల్లేవాళ్లు. 1980ల్లో వరదలకు పంట తడిసి రంగు తగ్గితే మొదలైన అలవాటట.

కిరణ్: అది అక్కడ.

శారద: పట్నా కొమ్ముల్లోనూ దొరికిందని 2024లో అధ్యయనం వచ్చింది. కొమ్ముని నీళ్ల గ్లాసులో వేసి రంగు దిగుతుందేమో చూడమని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్తోంది. కొమ్ములన్నీ మంచివైతే ఆ పరీక్ష ఎందుకు?

కిరణ్: అయినా మరలో మన కళ్ల ముందు ఆడిస్తే...

శారద: కళ్లకు సీసం కనిపిస్తుందా? బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలో సీసం ఉంటే, ఎక్కడిదో తెలియలేదు. సీసం ఐసోటోపులు, అంటే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పే వేలిముద్రల్లాంటివి, పోల్చి చూస్తే పసుపులోని సీసంతో సరిపోయాయి. తల్లి నుంచి కడుపులో బిడ్డకు వెళ్తుంది. ఆ తల్లి తప్పేముంది? కూర పచ్చగా కనపడాలని ఎవరో చల్లారు. నాకు కోపం ఆగదు.

కిరణ్: ... నిజమే.

శారద: 2019లో మార్కెట్ శాంపిళ్లలో 47 శాతంలో సీసం. పరిశోధకులు, ఫుడ్ సేఫ్టీ వాళ్లు, పేపర్లు, అందరూ కదిలారు. ఢాకాలో శ్యాంబజార్ హోల్‌సేల్ వ్యాపారుల మీద దాడి చేసి, ఎక్స్ఆర్ఎఫ్ అనే, ఎక్స్-రేలతో సీసాన్ని పట్టే మిషన్‌తో అక్కడికక్కడే పరీక్షించి జరిమానా వేశారు. 2021కి సున్నా. మిల్లు పనివాళ్ల రక్తంలోనూ తగ్గింది.

కిరణ్: రెండేళ్లలోనా! అయితే కొమ్ములు కొని...

శారద: మళ్ళీనా! కొనేవాళ్లు ఒక్కొక్కరూ జాగ్రత్తపడితే అయ్యే పని కాదు కిరణ్. చల్లే చోట ఆపాలి.

కిరణ్: సరే, ఆ మిషన్ మన దుగ్గిరాల పసుపు యార్డులో పెట్టాలంటే ఎవరు పెట్టాలి?

శారద: ఫుడ్ సేఫ్టీ వాళ్లనీ, మార్కెట్ కమిటీనీ అడగాలి. వచ్చేసారికి ఎవరినైనా పిలుద్దాం.

కిరణ్: నిజామాబాద్ నుంచి కూడా.

శారద: పిలుద్దాం. చికిత్స మళ్ళీ మిగిలిపోయింది, చూశావా?