మబ్బు పట్టిన రోజే నీళ్లు ఎందుకు వేడెక్కాయి? రీఫ్ ట్యాంకులపై శ్రోతల ప్రశ్నలు

యాంకర్: ఈ రోజు రీఫ్ ట్యాంకులు, అంటే పగడాలు (కోరల్స్) పెంచే ఉప్పునీటి అక్వేరియంల గురించి మాట్లాడుకుంటున్నాం. విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. నమస్కారమండీ, రేడియో సౌండ్ కొంచెం తగ్గించి మాట్లాడండి.

శ్రోత: నమస్కారం మేడమ్, నమస్కారం సార్. మాది 200 లీటర్ల రీఫ్ ట్యాంక్. మష్రూమ్ కోరల్స్, జోవా కోరల్స్, రెండు క్లౌన్ ఫిష్ ఉన్నాయి. పోయిన వారం బయట 44 డిగ్రీల ఎండ కాసినా నీళ్లు 28 దాటలేదు. ఇప్పుడు మబ్బు పట్టి ఎండ తగ్గింది. కానీ నిన్నటి నుంచి 31 చూపిస్తోంది. ఫ్యాన్ ఆపలేదు, ఇంకేమీ మార్చలేదు. కోరల్స్ ముడుచుకుపోయాయి. చాలా టెన్షన్‌గా ఉంది సార్.

నిపుణుడు: కంగారు పడకండి. రంగు ఉందా, తెల్లబడ్డాయా?

శ్రోత: రంగు ఉంది సార్.

నిపుణుడు: అయితే ఇంకా సమయం ఉంది. కోరల్ ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది. కోరల్‌కి తిండి చాలావరకు దాని నుంచే అందుతుంది. వేడి ఎక్కువై చాలా రోజులు అలాగే ఉంటే ఆ నాచును బయటికి తోసేసి తెల్లబడుతుంది. మీది ఇంకా అక్కడిదాకా రాలేదు. ఒక మాట చెప్పండి, ఆ గదిలో ఎయిర్ కూలర్ ఉందా?

శ్రోత: ఉంది సార్. ట్యాంక్‌కి చల్లగా ఉంటుందని మొన్ననే తెచ్చి పెట్టాం. చల్లదనం పోకుండా కిటికీలు కూడా మూసేశాం.

నిపుణుడు: ముందు ఆ కిటికీలు తెరవండి. మీ ఫ్యాన్ పంపేది చల్లగాలి కాదండీ. అది నీటిని ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరి వేడిని తీసుకుపోతుంది. మీ 200 లీటర్లలో ఒక్క లీటరు ఆవిరైతే దాదాపు 3 డిగ్రీలు దించేంత వేడి పోతుంది. వడగాలి పొడిగాలి, నీటిని బాగా పీలుస్తుంది. అందుకే 44 డిగ్రీల్లోనూ మీ ట్యాంక్ నిలబడింది. ఉక్కపోతలో గాలి అప్పటికే తడిగా ఉంటుంది, ఇంకా ఆవిరిని తీసుకోలేదు. మన ఒంటి చెమట ఆరనట్టే ట్యాంకూ ఆరదు. దానికి తోడు మూసిన గదిలో కూలర్ తేమ నింపుతోంది. కృష్ణ ఒడ్డున ఉన్న మన ఊళ్లో రీఫ్ పెంచేవాళ్లు ఎండకన్నా ఉక్కపోతకు ఎక్కువ భయపడాలి. థర్మామీటర్ పక్కన తేమ చూపించే చిన్న మీటర్ కూడా పెట్టుకోండి.

శ్రోత: కూలర్ తీసేయమంటారా సార్?

నిపుణుడు: ఈ ఉక్కపోత తగ్గేదాకా ఆపండి. ట్యాంక్ మీద గాజు మూత తీసి వల కప్పండి, లేకపోతే చేపలు దూకేస్తాయి. ఫ్యాన్‌ని నీటి మీదికి ఏటవాలుగా తిప్పండి. హీటర్ ప్లగ్ తీసేయండి, అది ఆన్‌లోనే స్టక్ అయితే ఎండాకాలంలో ట్యాంక్ మిగలదు. లైట్లు పగలు వద్దు, చీకటి పడ్డాక ఓ ఐదారు గంటలు చాలు. అన్నట్టు, గట్టి పగడాలేమైనా పెట్టారా?

శ్రోత: లేవు సార్, అన్నీ సాఫ్ట్ కోరల్సే.

నిపుణుడు: మంచిది. గట్టి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన సముద్రంలోంచి తీసినవి ఎవరు తెచ్చిచ్చినా తీసుకోకండి.

శ్రోత: ఐస్ బాటిల్ వేయొచ్చా సార్?

నిపుణుడు: ఈ రోజుకి వేయండి. మూత గట్టిగా బిగించి సంప్‌లో, అంటే ట్యాంక్ కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో పెట్టండి, ఐస్ ముక్కలు మాత్రం నేరుగా వేయకండి. అయితే లీటరు బాటిల్ పూర్తిగా కరిగినా మీ ట్యాంకులో తగ్గేది అర డిగ్రీయే. నాలుగైదు ఒకేసారి పడేయకుండా ఒకటి కరిగాక ఇంకొకటి పెట్టండి. వేడిని ఓర్చుకున్న కోరల్ కూడా హఠాత్తుగా చల్లబడితే తట్టుకోలేదు. రేపు సాయంత్రానికి 28కి వచ్చినా చాలు. మెల్లగా 26కి దింపుదాం.

ఇంకో సంగతి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. తగ్గినంత ఆర్‌వో నీళ్లే పోయండి, ఉప్పు నీళ్లు కాదు. సంప్ మీద మార్కర్‌తో గీత గీసుకుని పొద్దున, సాయంత్రం చూడండి.

యాంకర్: గుంటూరు బ్రాడీపేట నుంచి ఫోన్. చెప్పండి సార్.

శ్రోత: ట్యాంక్ నీటిని చల్లబరిచే చిల్లర్ మెషిన్ పెట్టించానండీ. రోజంతా ఆగకుండా తిరుగుతోంది, అయినా 29 కిందికి రావట్లేదు.

నిపుణుడు: ఎక్కడ పెట్టారు?

శ్రోత: ట్యాంక్ కింద కప్‌బోర్డులో, తలుపు వేసి.

నిపుణుడు: నీటిలోంచి తీసిన వేడిని చిల్లర్ అక్కడే వదులుతోంది, మళ్లీ అదే వేడిగాలి లోపలికి లాక్కుంటోంది. పైపులు పొడిగించి నీడ ఉన్న బాల్కనీలోకి మార్చండి. చిల్లర్ ఫిల్టర్ మీద దుమ్ము దులపండి. అప్పటికీ తగ్గకపోతే చిల్లర్ సైజు చాలట్లేదన్నమాట.

యాంకర్: భవానీపురం నుంచి ఒక అమ్మగారు.

శ్రోత: నమస్తే అన్నయ్యగారూ. మా అబ్బాయి ట్యాంక్ ఇది, వాడు హాస్టల్లో ఉన్నాడు. రాత్రి కరెంటు పోతే చేపలన్నీ పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి.

నిపుణుడు: గాలి అందట్లేదమ్మా వాటికి. నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో అప్పుడే ఎక్కువ కావాలి. తెల్లవారుజాము ఇంకా ప్రమాదం, రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి. ఇన్వర్టర్ ఉందా?

శ్రోత: ఉంది, రెండు ఫ్యాన్లు, లైట్లు నడుస్తాయి.

నిపుణుడు: నీళ్లు తిప్పే వేవ్ మేకర్ ఒక్కటి దానికి కలపండి, అది తినే కరెంటు తక్కువే. పైకి తిప్పి పెట్టండి, నీటి పైభాగం కదలాలి. ఈ వేడి తగ్గేదాకా మేత సగం చేయండి. కరెంటు లేనప్పుడు అసలు వేయొద్దు.

శ్రోత: మా వాడు బ్యాటరీతో నడిచే గాలి పంపు కూడా కొనిపెట్టి వెళ్లాడండీ, ఎప్పుడూ వాడలేదు.

నిపుణుడు: ఈ రోజే ఒక బకెట్ నీళ్లలో పెట్టి ఆన్ చేయండమ్మా. ఛార్జింగ్ ఎన్ని గంటలు వస్తుందో చూసి కాగితం మీద రాసి ట్యాంక్‌కి అతికించండి. రాత్రి ఇంట్లో ఎవరున్నా వాళ్లకి తెలియాలి.